ఎదురుగా కూర్చున్నదెవరు?

శనివారం రాత్రి తొమ్మిదిన్నర అయిందంటే మా ఇంట్లో నన్నెవరూ పిలవరు. పిలిచినా పలకనని తెలుసు. ఆ టైముకి సియాటిల్‌లో పొద్దున్న కాఫీ వేళ, లండన్‌లో సాయంత్రం టీ వేళ, బెజవాడలో భోజనాలైపోయిన వేళ. ఇంజినీరింగులో ఒకే బెంచీ మీద కూర్చున్న నలుగురం నాలుగు ఊళ్ళ నుంచి ఫోన్లో మాట్లాడుకుంటూ తెరమీద డామినోస్ ఆడతాం.

"డామినోసా? పిజ్జా కదా అది" అని మా ఆఫీసులో ఒక కుర్రాడు నవ్వాడు. నిజమే, మనకి ఆ మాట వినగానే ముందు పిజ్జాయే గుర్తొస్తుంది. చుక్కలున్న బిళ్ళలతో ఆడే ఆట అని వివరించాక రెండో ప్రశ్న వేశాడు. "పాయింటుకి ఎంత?"

ఏమీ లేదన్నాను.

"మరి డబ్బుల్లేకుండా ఆడితే ఏముంటుంది సార్ అందులో?"

అప్పటికప్పుడు జవాబు దొరకలేదు. కృష్ణా జిల్లాలో పుట్టి పెరిగినవాణ్ణి, పేకాటంటే చిన్నప్పట్నుంచీ తెలిసినవాణ్ణి, ఆ ప్రశ్నకి తడుముకోవడం సిగ్గుగా అనిపించింది. ఇంటికొచ్చి ఆలోచిస్తూంటే అదొక చిన్న చరిత్ర పాఠమే అయి కూర్చుంది. అదే ఇది.

అసలు మా నలుగురికీ రావాల్సిన ఆట రమ్మీ. పదమూడు ముక్కలు, ఒక జోకరు, ఒక లైఫు. ముందే పడేస్తే ఇరవై, మధ్యలో పడేస్తే నలభై, ఫుల్ కౌంటు ఎనభై. ఎక్కాల కంటే ముందు ఈ లెక్కలు వచ్చినవాళ్ళం మేము. మరి రమ్మీ మానేసి ఎక్కడో క్యూబావాళ్ళు ఆడుకునే ఆట ఎందుకు పట్టుకున్నామంటే, మాలో ఒకడు ఇప్పుడు ముక్క ముట్టడు. వాడి సంగతి తర్వాత చెప్తాను. (రాయమని వాడే అన్నాడు. పేరు మాత్రం వద్దన్నాడు.)

ముందు పేకముక్క మన దగ్గరికెలా వచ్చిందో చూద్దాం. మన పెద్దవాళ్ళు ముక్కల రంగుల్ని ఏమనేవాళ్ళు? ఇస్పేటు, ఆఠీను, కళావరు, డైమను. ఇందులో డైమను ఇంగ్లీషు మాటని ఎవరైనా చెప్తారు. మరి కళావరు? ఇంగ్లీషులో అది క్లబ్స్. క్లబ్స్ ఎంత నలిగినా కళావరు కాదు. డచ్చి భాషలో ఆ రంగుని క్లావర్ అంటారు, హార్ట్స్‌ని హార్టెన్ అంటారు. ఇప్పుడు కళావరు, ఆఠీను ఒకసారి పైకి అనుకోండి. డచ్చివాళ్ళు 1605లో మచిలీపట్నంలో దిగారు, ఇంగ్లీషువాళ్ళు 1611లో. బందరులో డచ్చివాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ళ కోట పోయింది, వ్యాపారం పోయింది, వాళ్ళ మాటలు మాత్రం మన పెళ్ళివారి విడిదిళ్ళలో నాలుగొందల ఏళ్ళ తర్వాత కూడా నేలకేసి కొట్టబడుతూనే ఉన్నాయి :)

ముక్కలు ఉంటే చాలదు, ఆడటానికి తీరిక కావాలి, చేతిలో నాలుగు డబ్బులాడాలి. డెల్టాకి ఆ రెండూ ఇచ్చింది కాలువ. బెజవాడ దగ్గర కృష్ణకి అడ్డంగా ఆనకట్ట 1855లో పూర్తయింది. ఆలోచనని బలపరిచినవాడు ఆర్థర్ కాటన్, దగ్గరుండి కట్టించినవాడు కెప్టెన్ ఆర్. 1952లో ఆ ఆనకట్ట తెగింది. దాని బదులే ప్రకాశం బ్యారేజీ కట్టారు, 1957లో పూర్తయింది. నీళ్ళు రావడంతో సార్వా, దాళ్వా రెండు పంటలు. ఎండాకాలంలో కాలువలు కట్టేస్తే పొలంలో పనుండదు. సంక్రాంతికి ధాన్యం డబ్బు చేతికొస్తుంది. ఈ రెండు ఖాళీల్లో డెల్టా పల్లెల్లో ఏం జరిగేదో వేరే చెప్పక్కర్లేదు. సావిట్లో, రైసుమిల్లు వెనక, పెళ్ళిలో మగపెళ్ళివారి గదిలో, చివరికి కర్మకాండకి వచ్చిన రాత్రి కూడా దుప్పటి పరిచేవారు.

పేకాటలో కొంపలు పోయినవాళ్ళు మా చుట్టాల్లోనూ ఉన్నారు. మూడు ముక్కలాట, లోపలా బయటా లాంటివి నిమిషాల్లో ఎకరాలు తినేసేవి. కాబట్టి పాతకాలంలో అంతా బంగారమే అని నేననను. కానీ ఆ దుప్పటికి ఒక గుణం ఉండేది. చుట్టూ కూర్చున్నవాళ్ళందరికీ నీ సంగతి తెలుసు. నీకెంత పొలం ఉంది, ఎంత అప్పుంది, ఇంట్లో పెళ్ళీడుకొచ్చిన పిల్లుందా, అన్నీ తెలుసు. మా మేనమామ ఒకాయన ఉండేవాడు, గొప్ప ఆటగాడు. ఒక సంక్రాంతినాడు ఎదుటివాడు వరసగా ఓడిపోతూంటే, "నువ్వు లేవరా అబ్బాయ్, రేపు ఎరువుల కొట్టువాడికి కట్టాలన్నావుగా" అని ముక్కలు లాక్కుని అవతల పడేశాడు. గెలుస్తున్నవాడు ఆట ఆపడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. అందులో మామయ్య మంచితనం ఎంతుందో గానీ, లెక్క కూడా ఉంది. ఆ అబ్బాయి మర్నాడు కూడా అదే ఊళ్ళో ఉంటాడు, వాడి నాన్న రచ్చబండ దగ్గర ఎదురుపడతాడు. ఎదురుగా కూర్చున్నవాడు మొహం ఉన్న మనిషి.

ఇక చట్టం సంగతి. మన దేశంలో రమ్మీ గురించి ఎవరు వాదించినా చివరికి చేరుకునే కేసు మన సికింద్రాబాదుదే. 1963లో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేసి, డబ్బుకి రమ్మీ ఆడుతున్నవాళ్ళని పట్టుకున్నారు. నిజాం కాలపు హైదరాబాదు జూద చట్టం కింద కేసు పెట్టారు. మేజిస్ట్రేటు శిక్ష వేశాడు, హైకోర్టు కొట్టేసింది, ప్రభుత్వం సుప్రీంకోర్టుకెళ్ళింది. 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా తీర్పు రాశారు. స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ వెర్సస్ కె. సత్యనారాయణ అని లా చదివినవాళ్ళందరికీ తెలిసిన కేసు. సారాంశం ఏమిటంటే, మూడు ముక్కలాట లాగా రమ్మీ ఉత్త అదృష్టం కాదు. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి ఇది ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట. క్లబ్బు ముక్కలకీ, కూర్చున్నందుకూ తీసుకునే చిన్న రుసుముని కూడా కోర్టు తప్పుపట్టలేదు.

ఇంతవరకూ అందరూ చెప్తారు. అదే తీర్పులో ఇంకో మాట ఉంది, దాన్ని మాత్రం ఎవరూ పెద్దగా తలుచుకోరు. పందెం కాసి ఆడే ఆట నుంచి, అది రమ్మీయే అయినా సరే, ఇల్లుగలవాడో క్లబ్బువాడో లాభం చేసుకుంటున్నాడని సాక్ష్యం ఉంటే నేరం కిందకి రావచ్చు అని. అంటే కోర్టు రెండు ప్రశ్నలు వేసింది. ఆటలో నేర్పుందా? ఆట పెట్టినవాడు ఆటలోంచి తింటున్నాడా? తర్వాతి యాభై ఏళ్ళు మనం మొదటి ప్రశ్ననే పట్టుకుని వేలాడాం. ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం 1974లో వచ్చింది. అందులోనూ నేర్పు ఆటలకి మినహాయింపు ఉంది. ఊరూరా రిక్రియేషన్ క్లబ్బులు ఆ మినహాయింపు నీడలోనే నడిచాయి.

ఇంతలో ఇంటర్నెట్టు వచ్చింది. మా తరంవాళ్ళకి యాహూ గేమ్స్ గుర్తుండే ఉంటుంది. ఇంకెవరో పెట్టిన ఆటల సైటుని కొనేసి యాహూ 1998లో దాన్ని మొదలుపెట్టింది. చదరంగం, హార్ట్స్, పూల్, డామినోస్ అన్నీ ఉండేవి. బెజవాడలో గవర్నరుపేట నెట్ సెంటర్లో గంటకి ఇంతని కట్టి కూర్చుంటే ఆ జావా ఆప్లెట్ లోడయ్యేసరికే పావుగంట అయ్యేది. మాలో అందరికంటే ముందు అమెరికా వెళ్ళినవాడు ఒక రూము పేరు మెయిల్లో పంపేవాడు, మేం ముగ్గురం ఆ టేబుల్ దగ్గర చేరేవాళ్ళం. మనకి తెలిసిన రమ్మీ అందులో లేదు. ఉన్నవాటిల్లో నలుగురికీ కుదిరింది డామినోస్. రూల్సు తెలీక మొదటి రోజు చాట్ బాక్సులో తిట్లే తిట్లు. ఫోన్ కాల్ నిమిషానికి పదుల రూపాయలున్న రోజుల్లో స్నేహితుడితో రెండు గంటలు గడపడానికి అదొక్కటే చౌక మార్గం. ఆట అనేది ఒక సాకు, అంతే.

ఆ ఆప్లెట్లన్నీ 2014లో ఆపేశారు, 2016 మే నాటికి యాహూ గేమ్స్ పూర్తిగా మూసేశారు. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన ఇంటర్నెట్ హార్ట్స్ సర్వర్లు 2019 జులై దాకా ఊపిరి నిలబెట్టుకున్నాయి. వాటిల్లో డబ్బు లేదు. బహుశా అందుకే ఎవరూ వాటిని కాపాడుకోలేదు. ప్రకటనల ఆదాయం సర్వరు కరెంటు ఖర్చుకైనా రాకపోతే కంపెనీ ఎన్నాళ్ళు నడుపుతుంది?

సర్వరు ఖర్చుకి దారి వేరేవాళ్ళు కనుక్కున్నారు. 2000ల రెండో సగంలో డబ్బుకి రమ్మీ ఆడించే సైట్లు మన దేశంలో మొదలయ్యాయి. హైదరాబాదు వాటికి పెద్ద కేంద్రమే. వాళ్ళ న్యాయపరమైన పునాది అంతా 1967 నాటి ఆ సికింద్రాబాదు తీర్పు. "రమ్మీ నేర్పుతో కూడిన ఆట, సుప్రీంకోర్టే చెప్పింది" అని హోం పేజీల్లో వేసుకున్నారు. స్మార్టుఫోను చౌకయ్యాక, డేటా చౌకయ్యాక, డెల్టా సావిడి మొత్తం జేబులోకి వచ్చేసింది. దుప్పటి మాత్రం రాలేదు. చుట్టూ కూర్చున్న మనుషులూ రాలేదు.

ఇక్కడే మావాడి కథ.

వాడు హైదరాబాదులో టెస్టింగ్ లీడు. మాలో అందరికంటే మంచి ఆటగాడు వాడే, హాస్టల్లో వాడితో పందెం కాసేవాళ్ళం కాదు. మొదట సరదాకి ఐదు వందలు వేశాడు, గెలిచాడు. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. సైట్లు తెలంగాణలో డబ్బు ఆటలు ఆపేశాయి. ఆంధ్రాలో ఇంకా నిషేధం లేదు. ఏమయిందో ఊహించండి. శుక్రవారం రాత్రి బెజవాడ బస్సెక్కేవాడు. కోదాడ దాటాక నిద్ర లేచేవాడు. గరికపాడు దగ్గర సరిహద్దు దాటగానే ఫోను లొకేషను మారేది, యాప్ తెరుచుకునేది. జగ్గయ్యపేట, నందిగామ, ఇబ్రహీంపట్నం, అంతా ఆటే. "అమ్మానాన్నల్ని చూడ్డానికి ప్రతి వారం వస్తున్నాడు" అని వాళ్ళమ్మ మా అమ్మతో మురిసిపోతూ చెప్పింది. నాకు ఇప్పటికీ అన్నిటికంటే బాధ అనిపించేది ఆ మాటే.

2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ కూడా తన గేమింగ్ చట్టాన్ని సవరిస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. అంతకుముందు మంత్రివర్గం ప్రకటించిన దాని ప్రకారం నడిపేవాళ్ళకి మొదటిసారి ఏడాది, రెండోసారి రెండేళ్ళు జైలు, ఆడేవాళ్ళకి కూడా ఆరు నెలల దాకా. అప్పుడు గానీ మావాడు ఆగలేదు. ఆగాక గానీ మాకు చెప్పలేదు. అపార్టుమెంటు అడ్వాన్సు కోసం దాచింది పోయింది, పైన క్రెడిట్ కార్డు. మొత్తం నాలుగు లక్షల ఎనభై వేలు.

మేం ముగ్గురం ఏం చేస్తాం? ఇంజినీర్లం కదా, స్ప్రెడ్‌షీట్ తెరిచాం :( వాడి లావాదేవీలన్నీ దించుకుని కూర్చుంటే ఒక విషయం బయటపడింది. వాడు చెత్తగా ఆడలేదు. ఆటల్లో గెలుపోటములు దాదాపు సమానం. పోయినదాంట్లో సగానికి పైగా ప్రతి ఆట మీదా సైటు కోసుకున్న రుసుమే.

లెక్క చాలా తేలిక, మీరూ వేసి చూడండి. సమానమైన నేర్పున్న ఆరుగురు తలా వంద వేశారనుకోండి. ఆరు వందల్లో పది శాతం సైటుది, మిగతా ఐదొందల నలభై గెలిచినవాడిది. అంటే సగటున ప్రతి ఆటకీ ప్రతి ఒక్కరికీ పది రూపాయలు నష్టం. రాత్రికి ఇరవై ఆటలైతే రెండొందలు. నెలకి ఆరువేలు. ఎవరూ ఎవరి దగ్గరా ఓడిపోలేదు, అందరూ టేబులు దగ్గర ఓడిపోయారు. నేర్పు ఉన్నా సరే, ఎదుటివాడికీ దాదాపు అంతే ఉన్నప్పుడు నేర్పు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, రుసుము మాత్రం మిగులుతుంది. హిదయతుల్లాగారి రెండో ప్రశ్న గుర్తుందా? ఆట పెట్టినవాడు ఆటలోంచి తింటున్నాడా? ఆ ప్రశ్నకి జవాబు మావాడి స్ప్రెడ్‌షీట్లో ఐదో కాలమ్‌లో ఉంది.

మా మేనమామ ముక్కలు లాక్కుని పడేశాడని చెప్పాను కదా. సైటుకి ఆ అవసరం ఏముంది? రాత్రి రెండింటికి నువ్వు లేస్తే దానికి నష్టం.

ఇంకో సంగతి కూడా ఉంది, మన వృత్తికి సంబంధించింది. ఎదురుగా మొహం లేనప్పుడు ముక్కలు కలిపింది ఎవరో కూడా తెలీదు. 1999లో అమెరికాలో ఒక కంపెనీ ఆన్‌లైన్ పోకర్ సాఫ్ట్‌వేర్ తాను ముక్కలు ఎంత నిజాయితీగా కలుపుతుందో చూపించడానికి తన కోడుని బయటపెట్టింది. కొందరు సెక్యూరిటీ ఇంజినీర్లు చూశారు. యాభై రెండు ముక్కల్ని పేర్చే పద్ధతులు సుమారు 8 పక్కన 67 సున్నాలు. ఆ ప్రోగ్రాము సీడు 32 బిట్లు, అదీ అర్ధరాత్రి నుంచి గడిచిన మిల్లీసెకండ్లతో ఇచ్చింది. రోజుకి 8 కోట్ల 64 లక్షల మిల్లీసెకండ్లే ఉంటాయి. సర్వరు గడియారానికి దగ్గరగా తమ గడియారం సర్దుకుని, తెలిసిన నాలుగైదు ముక్కలతో పోల్చుకుని, అందరి చేతిలో ఏముందో అప్పటికప్పుడు చెప్పేశారు. కోడు రాసినవాడు దొంగ కాడు పాపం. కానీ పేక కలిపేవాడి చేతులు కనిపించని ఆటలో డబ్బు పెట్టేవాడు ఆ కోడునీ, దాని వెనకున్న మనిషినీ గుడ్డిగా నమ్ముతున్నట్టే.

అవతల ఆడేది మనిషో బాటో అన్న అనుమానం కూడా కొత్తదేం కాదు. భారతంలో పందెం దుర్యోధనుడిది, పాచికలు వేసేది శకుని. ఒకరి తరఫున ఇంకొకరు ఆడటం నాకు సబబుగా లేదని ధర్మరాజు పైకే అంటాడు. అని కూడా ఆడతాడు. మనవాళ్ళు ఆ కథని జూదం చెడ్డది అని చెప్పడానికి వాడతారు. నాకు మాత్రం ధర్మరాజు సరైన ప్రశ్న వేసి, జవాబు కోసం ఆగలేదు అనిపిస్తుంది.

2023 అక్టోబరు నుంచి ఆన్‌లైన్ డబ్బు ఆటల్లో వేసే మొత్తం మీద 28 శాతం జీఎస్టీ వేశారు. ఆ తర్వాత 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. 20న లోక్‌సభ, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి సంతకం. మన ప్రభుత్వాలు ఇంత వేగంగా పని చేయడం నేనెరగను. నేర్పా అదృష్టమా అన్న చర్చని ఈ చట్టం పక్కన పెట్టేసింది. డబ్బు వేసి డబ్బు ఆశించే ఆన్‌లైన్ ఆట ఏదైనా నిషిద్ధమే. నడిపేవాళ్ళకి మూడేళ్ళ దాకా జైలు, కోటి దాకా జరిమానా. ఆడేవాళ్ళకి శిక్ష లేదు. డబ్బు పందెం లేని సోషల్ గేముల్నీ, ఈ-స్పోర్ట్స్‌నీ వేరే చేసి ప్రోత్సహిస్తామంది. పెద్ద రమ్మీ కంపెనీలు ఆ వారంలోనే డబ్బు ఆటలు ఆపేశాయి. కొన్ని కోర్టుకెళ్ళాయి.

వాళ్ళ వాదనలోనూ పస లేకపోలేదు. ఇక్కడ పన్ను కట్టే కంపెనీని మూసేస్తే ఆడేవాడు విదేశీ సైటుకో, టెలిగ్రామ్ గ్రూపుకో పోతాడు, అక్కడ అడిగే నాథుడుండడు అంటారు. ఉద్యోగాలు పోయినవాళ్ళలో మనలాంటి ఇంజినీర్లు ఉన్నారు, వాళ్ళ ఈఎంఐలు నిజం. పెద్దవాడు తన డబ్బుతో ఏం చేసుకోవాలో చెప్పడానికి ప్రభుత్వం ఎవరు అన్న ప్రశ్న కూడా నిజమే. గరికపాడు దాటిన బస్సు చూశాక నిషేధాల మీద నాకంత గుడ్డి నమ్మకం లేదు. అయినా మూడు చట్టాల్ని పక్కపక్కన పెట్టి చూస్తే నాకొకటి అర్థమైంది. 1967లో అడిగింది "నేర్పెంత?" అని. 2025లో అడుగుతున్నది "డబ్బెంత?" అని. మా సావిట్లో అడిగేది ఇంకోటి: "ఎవరితో?"

2020 లాక్‌డౌన్‌లో దేశమంతా ఈ మూడో ప్రశ్నకే జవాబు వెతుక్కుంది. లూడో కింగ్ అప్పుడే కదా ఇంటింటికీ వచ్చింది. మన పచ్చీసుని ఇంగ్లీషువాళ్ళు తీసుకెళ్ళి పంతొమ్మిదో శతాబ్దం చివర్లో లూడో పేరుతో పేటెంటు చేయించుకున్నారు. మనకి అట్టపెట్టెలో తిరిగొచ్చింది. నూట పాతికేళ్ళ తర్వాత ఫోన్లోకొచ్చి, అక్కా తమ్ముళ్ళని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టింది. అష్టాచెమ్మా ఆడిన ఒక అమ్మమ్మ ఫోన్లో మనవడి కాయని చంపి విరగబడి నవ్వడం నేను స్వయంగా విన్నాను. రూపాయి లేదు అందులో.

మావాడి స్ప్రెడ్‌షీట్ ముగిశాక, 2021లో, సియాటిల్‌వాడు అన్నాడు, "బావా, శనివారం ఖాళీగా ఉంటే వీడి బుర్ర మళ్ళీ అటే పోతుంది. ఏదోటి ఆడదాం." రమ్మీ వద్దనుకున్నాం. నెట్ సెంటరు రోజుల్ని తలుచుకుని డామినోస్ అన్నాడు లండన్‌వాడు.

ఈ ఆట పుట్టింది చైనాలో. అక్కడి బిళ్ళలు రెండు పాచికలు వేస్తే పడే అంకెల బొమ్మలే. రెండు పాచికలకి ఇరవై ఒక్క జతలు, కొన్ని రెండేసిసార్లు వచ్చి మొత్తం ముప్ఫైరెండు బిళ్ళలు. పద్దెనిమిదో శతాబ్దంలో ఇటలీలో కనిపించేసరికి జంటలు పోయి ఖాళీ గడి వచ్చింది. సున్నా నుంచి ఆరు దాకా ఏడు అంకెలు, ఇరవై ఎనిమిది జతలు. క్యూబాలో తొమ్మిది దాకా వాడతారు, యాభై ఐదు బిళ్ళలు. (ఫార్ములా మీకు తెలుసు, ఇంటర్వ్యూలో అడిగే ఉంటారు.)

నలుగురు ఆడితే తలా ఏడు, ఎదురెదురువాళ్ళు ఒక జట్టు. చివరన ఉన్న అంకెకి అంకె కలపాలి, లేకపోతే పాస్. ఇంతే రూలు. పంచే పద్ధతులు సుమారు 472 లక్షల కోట్లు, కాబట్టి అదృష్టం బోలెడంత. కానీ ఒక్కో అంకె సరిగ్గా ఏడు బిళ్ళల మీదే ఉంటుంది. ఎవడైనా పాస్ అన్నాడంటే ఆ అంకెలు వాడి దగ్గర లేవని నలుగురికీ తెలిసిపోతుంది. నీ జతగాడు ఒక బిళ్ళ వేయడానికి ఎంతసేపు ఆలోచించాడో కూడా ఒక కబురే. అంటే ఆట సగం బిళ్ళల్లో, సగం ఎదుటి మనిషిలో. మావాడు వేయడానికి ముందు "ఊఁ" అన్నాడంటే చేతిలో డబుల్ ఉందని నాకు ఇరవై ఏళ్ళుగా తెలుసు. ఏ అల్గారిదమ్‌కీ తెలీదది.

మయామీలో లిటిల్ హవానా అనే పేటలో ఎనిమిదో వీధిలో మాక్సిమో గోమెజ్ పార్కు ఉంది. డామినో పార్కంటే అందరికీ తెలుస్తుంది. దేశం విడిచొచ్చిన క్యూబా ముసలివాళ్ళు రోజూ అక్కడ బల్లల చుట్టూ చేరి డామినోస్ ఆడతారు. మా సియాటిల్‌వాడు ఒకసారి పని మీద వెళ్ళి గంటసేపు అక్కడే నిలబడిపోయాడట. "భాష ఒక్క ముక్క అర్థం కాలేదు రా. కానీ ఒకాయన బిళ్ళ బల్లకేసి కొట్టిన చప్పుడు వింటే మీ మావయ్య కళావరు రాజుని కొట్టినట్టే ఉంది" అన్నాడు. ఊరు పోగొట్టుకున్నవాళ్ళు బల్ల చుట్టూ ఊరిని కట్టుకుంటారు కాబోలు. మాకు బల్ల కూడా లేదు, తెరే.

మొన్న శనివారం ఆట మధ్యలో మావాడి వెనక నుంచి వాళ్ళమ్మ గొంతు వినిపించింది. "ఏరా, మళ్ళీ ఫోనా? ఎవరితో?"

"వీళ్ళతోనే అమ్మా" అన్నాడు వాడు. మా ముగ్గురి పేర్లూ చెప్పాడు.

"అలాగా, అందర్నీ అడిగానని చెప్పు" అని లోపలికెళ్ళిపోయింది ఆవిడ.

ఆ రాత్రి నేనూ మావాడూ ఒక జట్టు, చిత్తుగా ఓడిపోయాం. డబ్బుల్లేకుండా ఆడితే ఏముంటుందని అడిగిన మా ఆఫీసు కుర్రాడికి సోమవారం ఈ సంగతే చెప్పాను. విన్నాడు. కాసేపు ఊరుకుని, "నలుగురే ఆడాలా సార్? ఐదోవాడికి చోటుంటుందా?" అన్నాడు.